ఒర్రె అవుతల టౌను

పోయిన ఎండకాలం లింబారెడ్డి పటేల్ జగిత్యాలల మా ఇంటికి వచ్చిండు. గేటు కాడ కారు ఆగితే నా దగ్గర చదువుకున్న పిల్లలెవరో అనుకున్న. కారు దిగి కర్ర పట్టుకొని మెల్లెగ నడుస్తున్న ఆ మనిషిని గుర్తుపట్టేందుకు నాకు ఎంతసేపు పట్టలె. ముసలితనానికి మొఖం మారుతది, నడుము వంగుతది. కాని ఎదుటోళ్ళ వాకిట్ల కాలు పెట్టేటప్పుడు గడ్డం జెర్ర పైకెత్తే అలవాటు ఆయనకింక పోలేదు. మా అమ్మ బతికి ఉంటే ఆయనను చూడంగనే లోపలికి పోయి తలుపేసుకునేది. నేను మాత్రం తలుపు పూరాగ తీసి పట్టుకొని నిలబడ్డ. ఆయన నా గడప దాటుడు నాకు చూడాలనిపించింది.

కుర్చీల కూసొని, నేనిచ్చిన నీళ్ళు సగం తాగి, "ఎట్లున్నవు బిడ్డా?" అన్నడు. ఆ నోటి నుంచి ఆ మాట నేను ఎన్నడు వినలె. చిన్నప్పుడు నేను ఆయనకు పోశవ్వ పోరిని. నాకు గంగమణి అని ఒక పేరున్నట్టు కూడ ఆయనకు తెల్వకపోయేది.

"మంచిగనే ఉన్న పటేలా. ఏం పని మీద వచ్చిన్రు?"

"మన ఊరిని మల్ల ఊరు చేపియ్యాలె," అన్నడు. "మున్సిపాల్టీల కలిపి ఆగం చేసిన్రు. ఇంటి పన్ను అంటరు, ఖాళీ జాగకు పన్ను అంటరు, పానం తీస్తున్నరు. మీ వాడ ఆడోళ్ళకు ఉపాధి పని బందాయె. అందరం కలిసి అడిగితే మల్ల పంచాయితి చేస్తరట. మీ వాడోళ్ళేమో గంగమణి టీచర్ ఎట్ల చెప్తే అట్ల అంటున్నరు. గందుకే నీ దగ్గరికి అచ్చిన."

ఆగం చేసిన్రు అని ఎవరో పరాయోళ్ళను అన్నట్టు అన్నడు. ఊరిని మున్సిపాల్టీల కలపాలని ఆఫీసుల చుట్టు తిరిగింది ఆయన కొడుకు శ్రీకాంతే. పొలాలను ప్లాట్లు చేసిండు, టౌను అయితే ప్లాట్లకు ధర వస్తదని కలిపించిండు. ఇప్పుడు సగం ప్లాట్లు అమ్ముడుపోక అట్లనే ఉన్నయి, కొడుక్కేమో సర్పంచ్ కావాలని ఉన్నది. ఊరు లేనిదే సర్పంచ్ ఎక్కడిది? ఇదంత నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెల్వదు. "ఆలోచించి చెప్త," అన్న. ఆయన పోయినంక చానాసేపు వాకిట్లనే కూసున్న. ఇన్నేండ్ల సంది నేను ఎదురు చూసింది నా గడప దాకా నడిచి వచ్చింది.

మా ఊరు కోరుట్లకు ఆనుకొనే ఉంటది. కోరుట్ల దిక్కు నుంచి వస్తుంటే ముందుగాల ఒక ఒర్రె, చిన్న వాగు. ఒర్రె దాటంగనే లింబారెడ్డి పొలాలు, పొలాల నడుమ ఆయన పెద్దిల్లు, దాని ఎన్క ఊరు. ఊరు అయిపోయినంక, పక్క ఊరి శివారును ఒరుసుకొని మా వాడ. గుంటెడు భూమి ఎవ్వరికి లేదు. సగం ఇండ్లోళ్ళు ఎల్లమ్మకు బోనం తీసేటోళ్ళు, సగం ఇండ్లోళ్ళు ఆదివారం ప్రార్థనకు పోయేటోళ్ళు, మా ఇంట్ల అమ్మ బోనం తీసేది, నాయినమ్మ ప్రార్థనకు పోయేది. ఏ ఇంట్లకు పోయినా ఒక్కటే వాసన, తంబాకు వాసన. బట్టలకు, బువ్వకు, తలెంటికలకు, మేము చదివే పుస్తకాలకు కూడ అదే. పొద్దు పొడవకముందే అమ్మ తునికాకును నీళ్ళల్ల ముంచి, గోనెసంచిల చుట్టి పెట్టేది. మెత్తబడ్డ ఆకును రేకుముక్క కొలత పెట్టి కత్తిరించి, చాట ఒళ్ళె పెట్టుకొని కూసుంటే ఇగ ఆమె వేళ్ళు ఆగకపోయేటియి. మాట్లాడినా, తిట్టినా, ఏడిసినా చేతులు మాత్రం బీడీలు చుట్టుకుంటనే ఉండేటియి. నేను నిద్రపోయేటప్పుడు అదే సప్పుడు, లేచినప్పుడు అదే సప్పుడు.

నాయినమ్మ పేరు ఎంకవ్వ. ఆమెకు కండ్లు సరిగ ఆనకపోయేటియి. తడి ఆకును చెంపకు ఆనించుకొని, "ఇంకింత ఆరాలె పోశవ్వా," అని చెప్పేది, ఆ మాట ఎప్పుడు తప్పు కాకపోయేది. చుట్టిన బీడీలను దారంతోని కట్టలు కట్టుడు ఆమె పని. కట్ట కట్టినప్పుడల్ల దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఎందుకే అంటే, "మనం తాగంగ లేదు, వాసనన్న సూడొద్దా?" అని నవ్వేది. మా నాయిన సిరిసిల్లల సాంచెల మీద పనిచేసేటోడు. సాంచె అంటే కరెంటుతోని నడిచే మగ్గం. అక్కడనే షెడ్డుల పండుకొని, వీలు చిక్కినప్పుడు బస్సు పట్టుకొని ఇంటికి వచ్చేటోడు. తల నిండ దూది పొట్టు, చెవులల్ల సాంచెల మోత. ఆ మోతల పనిచేసి పనిచేసి ఆయనకు సగం వినపడకపోయేది, అందుకే గుసగుస చెప్పాల్సిన మాట కూడ ఒర్లి చెప్పేటోడు. మా ఇంట్ల ఏం కూర వండినమో, ఎవలతోని పంచాయితి అయిందో నాయిన వచ్చిన్నాడు వాడంతటికి తెలిసేది.

అన్నిటికంటే మాకు కష్టం నీళ్ళది. వాడల ఒక చేతిపంపు ఉండె, ఉప్పు నీళ్ళు. ఎండకాలం అవి కూడ రాకపోయేటియి. ఒర్రె అవుతల గడ్డ మీద మాత్రం కోరుట్ల మున్సిపాల్టి నల్లా ఉండె. టౌనుకు అదే ఆఖరి నల్లా. లింబారెడ్డి పొలం గట్ల మీదికెళ్ళి ఒక తొవ్వ ఉండె, ఆ తొవ్వ పట్టుకొని ఒర్రె దాటి బిందెలు తెచ్చుకునేటోళ్ళం. నల్లా కాడ టౌన్ ఆడోళ్ళందరు పట్టుకున్నంక మా వంతు. "మీ ఊరికి మీరు నల్లా ఏపిచ్చుకోరాదా?" అని వాళ్ళు దెప్పేటోళ్ళు. ఆ పైపును ఇంక కొంచెం ముందుకు గుంజితే మా వాడకు నీళ్ళు వచ్చేటియి. కాని ఒర్రె కాడ టౌను అయిపోయింది.

ఆ రోజులల్లనే జనాభా లెక్కలు రాసుకునే సార్ వచ్చిండు. ఊరును మున్సిపాల్టీల కలుపుతరని, కలిపితే నల్లాలు వస్తయని మా వాడల అందరు ఆశ పడుతున్న సమయం అది. సార్ పొద్దుగాల లింబారెడ్డి ఇంట్ల తిని, మధ్యాహ్నం ఆయనను ఎంటబెట్టుకొనే వాడకు వచ్చిండు. అప్పుడు సర్పంచ్ లింబారెడ్డే. మా వాకిట్ల నిలబడి సార్ అడిగిండు, "ఇంటాయన ఏం పని చేస్తడు?"

"సిరిసిల్లల సాంచెలు నడుపుతడు సార్," అన్నది అమ్మ.

"వ్యవసాయ కూలి," అన్నడు లింబారెడ్డి. "నా పొలంలనే చేస్తడు. రాసుకో సార్."

సార్ రాసుకున్నడు. "నువ్వేం పని చేస్తవు?" అని అమ్మను అడిగిండు. ఒళ్ళె చాట ఉన్నది, చేతుల బీడీ ఉన్నది. అమ్మ నోరు తెరిచేలోపల్నే లింబారెడ్డి, "ఏం పని? ఇంట్లనే కూసుంటది," అన్నడు. సార్ అది కూడ రాసుకున్నడు. "నేను కూసుంటున్ననా పటేలా?" అని అమ్మ లేచి నిలబడితే చాటల తంబాకు కింద పోయింది. నాయినమ్మ వంగి మట్టిల కలిసిన తంబాకును వేళ్ళతోని తీసుడు నాకు ఇయ్యాల్టికి కండ్ల ముందు ఉన్నది. వాళ్ళిద్దరు పక్కింటికి పోయిన్రు.

పెద్దయి టీచర్‌నయినంక నన్ను కూడ జనాభా లెక్కలకు తోలిన్రు. అప్పుడు తెలిసింది నాకు. మున్సిపాల్టి లేని జాగ టౌనా, ఊరా అని లెక్కలోళ్ళు తేల్చాలంటే జనం ఎంతమంది, ఎంత దగ్గర దగ్గర ఉంటున్నరు అని చూస్తరట, దాంతోపాటు మొగోళ్ళు వ్యవసాయం చేస్తున్నరా, వేరే పని చేస్తున్నరా అని చూస్తరట. మొగోళ్ళే. మా వాడల బీడీలు చుట్టే ఆడోళ్ళందరు కలిసినా ఆ లెక్కల ఒక్క మనిషి పెట్టు కాదు. ట్రైనింగుల ఆ మాట విన్నప్పుడు పక్కనున్న టీచర్లు చాయ తాగుతున్నరు. నాకు మాత్రం నాయినమ్మ మట్టిల ఏరిన తంబాకు యాదికొచ్చింది. లెక్కలోళ్ళ టౌను వేరు, మున్సిపాల్టి హద్దు వేరు, ఆ సంగతి కూడ అప్పుడే తెలిసింది. మా ఊరికి మాత్రం రెండిటికి లింబారెడ్డి మాటే మాట. సాంచెల మొగోళ్ళను కూలోళ్ళుగ రాపిచ్చిండు, కలుపుతరా అని మున్సిపాల్టోళ్ళు అడిగితే మాది పక్కా పల్లెటూరు అని చెప్పి పంపిండు. టౌను అయితే ఆయన సర్పంచ్ పదవి పోతది. నీళ్ళు ఆయన ఇంట్ల బాయిల ఉండనే ఉన్నయి.

తరువాత నా చదువు కాడికి వచ్చింది. ఊరి బడికి సార్లు సరిగ రాకపోతే అమ్మ నన్ను కోరుట్ల బళ్ళె ఏసింది. పరీక్ష రాస్తే సీటు ఇచ్చే ఒక హాస్టల్ బడి ఉండె. తిండి, బట్టలు, పుస్తకాలు అన్ని వాళ్ళే ఇస్తరు, ఎక్కువ సీట్లు పల్లెటూరి పిల్లలకే. మా టీచరమ్మ నన్ను పరీక్ష రాపిచ్చింది, పాసైన. ఈ పిల్ల మా ఊరిదే అని సర్పంచ్ ఒక మాట చెప్తే చాలు. అమ్మ, నేను ఆయన ఇంటికి పోయినం. నాకు ఉతికిన గౌను తొడిగి, తల నిండ నూనె పెట్టి తీసుకపోయింది. ఆయన అరుగు మీద కూసొని చాయ తాగుతున్నడు.

"నీ పోరి కోరుట్లల చదువుతున్నది గదనే. టౌన్ పిల్లను ఊరి పిల్ల అని నేనెట్ల చెప్త?"

"నీళ్ళు అడిగితే పల్లెటూరోళ్ళు అంటివి. బడి అడిగితే టౌనోళ్ళు అంటివి. మేము ఎక్కడోళ్ళం పటేలా?"

"ఎక్కువ మాట్లాడకు పోశవ్వా. పో," అన్నడు. ఆయన కొడుకు శ్రీకాంత్ కరీంనగర్‌ల మేనమామ ఇంట్ల ఉండి పెద్ద కాన్వెంట్ల చదివేటోడు. ఆ యేడు అదే హాస్టల్ బళ్ళె పల్లెటూరి పిల్లగాని కింద వానికి సీటు వచ్చింది. వాడు మా ఊరి బళ్ళె ఒక్క దినం కూసోలె. ఆ సంగతి తెలిసిన్నాడు అమ్మ అన్నం వండలె. చాట కూడ ముట్టలె. ఆమె చేతులు ఊరికెనే ఉండుడు నేను మొదటిసారి చూసిన.

వానలు పడ్డయి. నాట్ల సమయానికి లింబారెడ్డి జీతగాడు ఎప్పటిలెక్కనే వచ్చి రేపటి సంది నాట్లు అని చెప్పిపోయిండు. తెల్లారి వాడకెళ్ళి ఒక్క ఆడామె కదలలె. అమ్మ ముందు రోజే ఇల్లిల్లు తిరిగింది. మల్ల తెల్లారి లింబారెడ్డే మోటర్ సైకిల్ మీద వచ్చిండు.

"ఏమైందే మీకు? నారు ముదురుతున్నది."

అమ్మ చాటలకెళ్ళి తల ఎత్తలె. "మేము టౌనోళ్ళమంటివి గదా పటేలా. టౌనోళ్ళకు నాట్లెట్లస్తయి?"

తలుపుల ఎన్కకెళ్ళి ఆడోళ్ళు కిసుక్కున నవ్విన్రు. ఒకామె, "నాకైతె బురద అంటె ఒంటికి పడుతలేదు పటేలా, టౌన్ పానం," అని ఒర్లింది. వాడ వాడంత నవ్వింది. మా నాయినమ్మ అయితే కండ్లల్ల నీళ్ళు వచ్చేదాక నవ్వింది. ఆయన బండి తిప్పుకొని పోయిండు. మల్లాపూర్ దిక్కు నుంచి ట్రాక్టర్‌ల కూలోళ్ళను తెచ్చేసరికి నారు ముదిరి పసుపుపచ్చ పడ్డది. ఆ యేడు ఆయన పొలం పలుచగ, ఊడిన తలలెక్క ఉండె. అమ్మ కావాలని ఆ దిక్కే పోయి చూసి వచ్చేది. ఆమె మొఖంల అంత సంబురం నా పెండ్లిల కూడ నేను చూడలె.

ఆయన ఊకోలె. గట్ల మీది తొవ్వకు అడ్డంగ తుమ్మకంప కొట్టించిండు. ఇగ నల్లా కాడికి పోవాలంటే పొలాలన్ని చుట్టు తిరిగి, ఒర్రె లోతు ఉన్న కాడ దిగి ఎక్కాలె. వానకాలం, ఒడ్డంత జారుడు. అమ్మ బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోయిన ఒక పొద్దు, ఇంట్ల నీళ్ళు లేవని నాయినమ్మ చిన్న బిందె పట్టుకొని ఒక్కతే పోయింది. కండ్లు ఆనని మనిషి. ఒడ్డు మీద జారి ఒర్రెల పడ్డది. నడుము కింద ఎముక విరిగింది. వాడోళ్ళు ముందుగాల ఇంటికి తెచ్చి, మంచం మీద పండపెట్టి కోరుట్ల దవాఖానకు మోసుకపోతుంటే దగ్గరి తొవ్వకు కంప అడ్డం ఉన్నది. అమ్మ కార్ఖాన నుంచి ఉరికొచ్చింది. "పటేలా, కంప తీపియ్యి, దవాఖానకు తీసుకపోవాలె," అని మొత్తుకున్నది.

"సుట్టు తిరిగి పోరాదా?" అన్నడు ఆయన అరుగు మీది నుంచే.

అమ్మ ఒట్టి చేతులతోని కంపను గుంజి పారేసింది. నేను పక్కనే ఉన్న. ముండ్లు దిగి ఆమె అరచేతులు, వేళ్ళు నెత్తురు మయం అయినయి. మంచం ఆ సందులకెళ్ళి దాటింది. తెల్లారి చూస్తే మల్ల కంప ఉన్నది. నాయినమ్మ ఇగ లేవలె. ఆకును చెంపకు ఆనించుకునేందుకు కూడ చెయ్యి రాకపోయేది. చలికాలం పోయేలోపల్నే పోయింది. సిరిసిల్ల నుంచి నాయిన వచ్చి కట్టె పట్టుకొని పటేల్ ఇంటి మీదికి పోతానంటే అమ్మ నడుము పట్టుకొని ఆపింది. "నిన్ను జైల్ల ఏస్తరు, మేమేం గావాలె?" అని. అటెన్క నన్ను దగ్గరికి గుంజుకొని, "మతిల పెట్టుకో బిడ్డా," అన్నది. ఇంకేం అనలె. మాని మానని వేళ్ళతోని మల్ల చాట ముందటేసుకున్నది.

నేను మతిల పెట్టుకున్న. ఆ వేళ్ళు చుట్టిన బీడీల మీదనే జగిత్యాలల డిగ్రీ చదివిన, టీచర్‌నయిన, నాలుగు కథలు రాసిన. నాయిన పోయిండు, కొన్నేండ్లకు అమ్మ పోయింది. సిరిసిల్లల నాయిన పనిచేసిన షెడ్డు మూతబడ్డది, మొన్న ఆ దిక్కు పోతే ఆ గల్లీల నిలబడి ఫోన్‌ల మాట్లాడిన, అంత నిమ్మళంగ ఉన్నది. వాడల తంబాకు వాసన కూడ తక్కువైంది. బీడీలు చుట్టేటోళ్ళు కొందరే మిగిలిన్రు. చానామంది ఇండ్లల్ల మొగోళ్ళు దుబాయిల, మస్కట్ల ఉన్నరు. ఆడోళ్ళకు ఉపాధి పనే ఆసరా, టౌనుల కలిసినంక అది బందయింది, ఎందుకంటే ఆ పని ఊర్లకే ఇస్తరు. మంచినీళ్ళు ఇప్పుడు ఇంటింటికి వస్తున్నయి. వచ్చినప్పుడల్ల నాకు సంబురం కాదు, కోపం వస్తది. ఇంత సులువైన పనికి మా నాయినమ్మ ఎందుకు సచ్చిపోవాలె?

లింబారెడ్డి వచ్చిపోయినంక రెండు రోజులకు వాడకు పోయిన. మా మేనత్త బిడ్డ రాజవ్వ ఇంటి ముందట అందరు జమైన్రు. నాకొక భయం ఉండె. నా పగకు వాళ్ళ పని అడ్డం పడొద్దు. ఆ మాటే చెప్పిన. "మల్ల ఊరు అయితే మీకు పని వస్తది. ఆయన కోరేది కూడ అదే. మీరు ఒద్దంటె నేను నోరు తెరువ."

రాజవ్వ చీర కొంగుతోని చేతులు తుడుసుకుంట అన్నది, "పని గావాలక్కా. కాని ఆ శ్రీకాంత్ సర్పంచైతె, పని పేర్లు వాని అరుగు మీదనే రాయాలె. గా అరుగు మల్ల ఎక్కాల్నా?"

"ఎక్కకుండ ఉండే తొవ్వ ఒకటున్నది," అన్న.

మా వాడ ఇవుతల పక్క ఊరికి ఆనుకునే ఉన్నది. ఆ ఊరు ఇంక పంచాయితే. మా వాడను మాత్రం మున్సిపాల్టీ నుంచి తీసి ఆ పంచాయితిల కలుపుమని అడుగుదాం అని చెప్పిన. ఊరి నడుమ కిరాణపోళ్ళు, కిరాయి ఇండ్లోళ్ళు టౌనులనే ఉంటమన్నరు, వాళ్ళిష్టం. పక్క ఊరి సర్పంచ్, ఒక చిన్న రైతు పెండ్లాం, "మా పొలాల్లకు నాటుకు వచ్చేది మీరే గదా, రాండ్రి," అన్నది.

పటేలోళ్ళు పెట్టుకున్న అర్జీ మీద విచారణకు ఆఫీసర్ వచ్చిన్నాడు లింబారెడ్డి, శ్రీకాంత్ ముందు కుర్చీలల్ల కూసున్నరు. నన్ను చూసి ముసలాయన తల ఊపిండు, నేను ఆయన దిక్కే అనుకొని. "మేమంత ఒక్కటే సార్, మొత్తం ఊరును తియ్యాలె," అన్నడు. అప్పుడు నేను లేచిన.

"మేము ఒక్కటి కాదు సార్. టౌనుల కలిపేటప్పుడు, ఈ జాగల వ్యవసాయం లేదు, అంత టౌనే అని చెప్పింది ఈ శ్రీకాంతే. ఆయన చెప్పింది ఆయన జాగ మట్టుకు నిజమే. ఆ పొలాలల్ల ఇప్పుడు హద్దురాళ్ళు తప్ప ఏం మొలుస్తలేవు. మా వాడ ఆడోళ్ళు మాత్రం ఇయ్యాల్టికి పక్క ఊరి పొలాలకు పోతున్నరు. ఆయనను టౌనుల ఉంచుండ్రి, మమ్ముల ఊర్ల కలుపుండ్రి."

"గంగమణీ, ఏం మాట్లాడుతున్నవు?" అని ముసలాయన కర్ర పట్టుకొని లేవబోయిండు. రాజవ్వ ఆయన ముందటికి పోయి, "కూసోండ్రి పటేలా. మా మాట మేము చెప్పుకుంటం," అన్నది. ఆయన కూసున్నడు. ఆఫీసర్ ఆడోళ్ళను ఒక్కొక్కరిని ఏం పని చేస్తరని అడిగిండు, ఒక్కొక్కరు చెప్పిన్రు. పక్కన నిలబడి వాళ్ళ బదులు ఎవ్వరు చెప్పలె.

కొన్ని నెలలకు ఆర్డర్ వచ్చింది. మా వాడ పక్క పంచాయితిల కలిసింది. లింబారెడ్డి ఇల్లు, కొడుకు ప్లాట్లు, ఊరు టౌనులనే ఉన్నయి. ఖాళీ జాగ పన్ను కట్టాల్సిందే, సర్పంచ్ కుర్చీ లేదు. రాజవ్వ వాళ్ళు పక్క ఊరి చెరువు పూడిక పనికి పోతున్నరు.

ఆర్డర్ వచ్చిన మూడో నాడు ఆయన ఫోన్ చేసిండు. "నీకు నేనేం జేసిన గంగమణీ? నా కొడుకు బతుకు ఆగం జేస్తివి."

"ఎంకవ్వ యాదికున్నదా పటేలా?"

"ఎంకవ్వ ఎవలు?" అన్నడు.

నటిస్తలేడు. నిజంగనే మరిచిపోయిండు. చెప్పిన. తుమ్మకంప, ఒర్రె, మంచం, మా అమ్మ చేతులు, అన్ని నిమ్మళంగ, పాఠం చెప్పినట్టు చెప్పిన. ఆయన విన్నడు. "గది ఎప్పటి ముచ్చటనో," అన్నడు ఆఖరుకు. "ముసలోన్ని, నన్ను మాఫ్ చెయ్యరాదా? మల్లొకసారి ఆఫీసర్‌కు చెప్పు, మా ఇల్లు కూడ మీ దాంట్ల కలుపుమని."

చెప్పను అన్న. ఇట్లాంటి ముచ్చట్లు రాసేటోళ్ళు ఇక్కడికి వచ్చినంక మనసు తేలికైందని, క్షమించినమని రాస్తరు. నేను క్షమించలె. ఫోన్ పెట్టేసి, అన్నం వడ్డించుకొని, పప్పుచారు పోసుకొని కడుపు నిండ తిన్న.